బట్టలకి కాపలా

ఒంటిపూట బళ్లు మొదలైతే చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో పిల్లలంతా మధ్యాహ్నం సాగర్ కాలవలో ఈతకి దూకేవాళ్లు. నేను గట్టు మీద వాళ్ల బట్టలకి కాపలా. అప్పుడు నాకు 14. ఛాతీ ఉబ్బింది, ముట్టుకుంటే నొప్పి. మిరపకాయలు ఎండే ఎండలో కూడా చొక్కా కింద రెండు బనియన్లు. క్లాసులో నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయను. అలాంటివి మీరూ వినే ఉంటారు.

అమ్మాయి ఈడేరితే మా వైపు టెంట్ వేసి, బంధువుల్ని పిలిచి ఫంక్షన్ చేస్తారు. అబ్బాయి ఒంట్లో ఏం మారుతుందో ఎవరూ ఒక్క ముక్క చెప్పరు. నాకు చెప్పింది గుంటూరులో ఒక డాక్టరు, ఇంటర్‌లో ఉండగా. దీని పేరు గైనకోమాస్టియా. ఈ వయసులో హార్మోన్ల పాళ్లు తప్పి రొమ్ము గ్రంథి పెరుగుతుంది. దాదాపు సగం మంది అబ్బాయిలకి ఎంతో కొంత వస్తుంది. చాలామందికి 6 నెలల నుంచి 2 ఏళ్లలో దానంతటదే పోతుంది. పోకపోతే ఆపరేషన్ ఉంది.

సగం మంది! అంటే నన్ను ఏడిపించిన బెంచీలోనూ ఒకరిద్దరు దాచుకునే ఉంటారు.

నాది ఇంకా కొంచెం ఉంది. 'నాకొక్కడికే' అన్న దిగులు మాత్రం పోయింది. ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో తమ్ముడుంటే, వాడు అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. వాడు అడగడు.