తెర వెనక అడుగులు

నేను సినిమాలకు ఎఫెక్ట్స్ చేస్తాను. తెర మీద హీరో మెట్లెక్కితే ఆ బూట్ల చప్పుడు నాది, హీరోయిన్ గాజులు గలగలలాడితే ఆ గలగల నాది. చీకటి గదిలో మైకు ముందు చెక్క పలకలు, రాతి బండ, ఇసుక తొట్టి, గోడ వారగా రకరకాల చెప్పులు, గజ్జెలు. మా సరంజామా అంతే.

మా పనికి ఆద్యుడిగా చెప్పుకునే జాక్ ఫోలే యూనివర్సల్ స్టూడియో మనిషి. 1927లో ‘ది జాజ్ సింగర్’ వచ్చి జనం శబ్దానికి ఎగబడేసరికి, మూకీగా తీసిన ‘షో బోట్’కు యూనివర్సల్ వాళ్లు అప్పటికప్పుడు శబ్దం చేర్చారు. 1929లో విడుదలైన ఆ సినిమాకు చప్పుళ్లు చేసిన బృందంలో ఫోలే ఒకరు. అంటే మా వృత్తి ఓ పాటల సినిమా దగ్గరే మొదలైందన్నమాట. పాత హాలీవుడ్ మ్యూజికల్స్‌ను నేను గురుస్థానంలో పెట్టుకోవడానికి అదొక్కటే కారణం కాదు. కాలి చప్పుడును అంత గౌరవించిన సినిమాలు నాకు మరెక్కడా కనబడలేదు.

ఫ్రెడ్ అస్టేర్ టాప్ డాన్సు చూసి, ఆ టకటకలన్నీ సెట్‌లోనే రికార్డయ్యాయని చాలామంది అనుకుంటారు. ఎక్కువ పాటల్లో అలా జరగలేదు. మన దగ్గరలాగే పాట ముందే రికార్డు చేసి, సెట్‌లో ప్లేబ్యాక్ గట్టిగా మోగిస్తూ డాన్సు తీసేవారు. ఆ మోతలో కాలి చప్పుడు శుభ్రంగా దొరకదు. అందుకని అస్టేర్ తర్వాత మళ్లీ వచ్చి, తెర మీద తన బొమ్మనే చూసుకుంటూ, వేసిన అడుగులన్నీ తిరిగి వేసేవారు.

అదెంత కష్టమో చేసేవాళ్లకే తెలుస్తుంది. టాప్ బూటుకు మునివేళ్ల కింద ఒక రేకు, మడమ కింద ఒక రేకు ఉంటాయి. మునివేళ్ల రేకు తేలిగ్గా పలుకుతుంది, మడమ రేకు బరువుగా పలుకుతుంది. పాదాన్ని నేలకు రాస్తూ ముందుకు విసిరి వెనక్కి లాగితే చెవికి రెండు చప్పుళ్లు వినిపిస్తాయి, కంటికి మాత్రం ఒక్క కదలికే. కాబట్టి బొమ్మ చూసి వేద్దామంటే అప్పటికే ఆలస్యమైపోతుంది. తాళం ఒంట్లో ఉండాలి. మన గజ్జెలదీ అదే తీరు. చేత్తో పట్టుకుని ఊపితే ఎద్దుల బండి వస్తున్నట్టుంటుంది తప్ప నాట్యంలా ఉండదు. కాలికి కట్టుకుని తొక్కాలి. ముందు పాదం దెబ్బ, దాని వెంటనే మువ్వల సవ్వడి, ఆ వరస తప్పకూడదు.

‘టాప్ హ్యాట్’ (1935)లో ఒక ఘట్టం మా పని నేర్చుకోవాలని వచ్చిన ప్రతివాళ్లకూ చూపిస్తాను. హోటల్ గదిలో అస్టేర్ హుషారుగా టాప్ చేస్తుంటే కింది అంతస్తులో జింజర్ రోజర్స్‌కు నిద్ర చెడుతుంది. ఆమె పైకొచ్చి కోప్పడి వెళ్లాక, అతను నేల మీద ఇసుక చల్లి, దాని మీద మెత్తగా పాదాలు జారుస్తూ ఆమెను జోకొడతాడు. టకటక కాస్తా సరసరగా మారుతుంది. అమ్మాయి మీద అతనికి మనసైందని ఆ ఇసుక చప్పుడే చెప్పేస్తుంది, మాటతో పనే లేదు.

జీన్ కెల్లీ ‘సమ్మర్ స్టాక్’ (1950)లో ఇంకో అడుగు ముందుకేశారు. ఖాళీ రంగస్థలం మీద ఈల వేసుకుంటూ నడుస్తుంటే కాలి కింద ఒక చెక్క కిర్రుమంటుంది. అక్కడే ఆగి మళ్లీ తొక్కి చూస్తాడు. కాలికి ఒక న్యూస్‌పేపరు తగులుతుంది. ఆ కిర్రూ, కాగితం గరగరా కలిపి పాదాలతోనే కాగితాన్ని చింపుతూ డాన్సంతా అల్లేస్తాడు. శబ్దం ముందు, నాట్యం తర్వాత. నా దృష్టిలో మా వృత్తికి ఇంతకు మించిన సన్మానం లేదు.

అయితే అందరి అడుగులూ వాళ్లవే కావు. రోజర్స్ టాప్ చప్పుళ్లు తర్వాత వేసింది అస్టేర్‌తో కలిసి డాన్సులు కూర్చిన హెర్మీస్ పాన్. ‘సింగిన్ ఇన్ ద రెయిన్’ (1952)లో వాన పాటను కెల్లీ 103 డిగ్రీల జ్వరంతో చేశారన్న సంగతి అందరూ చెప్పుకుంటారు. ఆ సినిమాలో తడి అడుగుల చప్పుడు కోసం ఆయన సహాయకురాళ్లు క్యారల్ హేనీ, గ్వెన్ వెర్డన్ నీళ్లలో నిలబడి టాప్ చేశారని ఎంతమందికి తెలుసు? తెర వెనక దాచిన గొంతుకు న్యాయం జరగడమే ఆ సినిమా కథ. అందులోనే డెబ్బీ రేనాల్డ్స్‌కు ఒక పాటలో గొంతునిచ్చిన బెటీ నోయెస్ పేరు టైటిల్స్‌లో లేదు. ‘మై ఫెయిర్ లేడీ’ (1964)లో ఆడ్రీ హెప్‌బర్న్ పాటల్లో చాలా భాగం పాడిన మార్నీ నిక్సన్‌కూ అంతే జరిగింది. ఈ విషయంలో మనవాళ్లే నయం. ఘంటసాల, సుశీల పేర్లు చూసి మరీ జనం టిక్కెట్టు కొన్నారు.

ఈ రోజుల్లో కంప్యూటర్లో వేల అడుగులు సిద్ధంగా ఉంటాయి. నడకకు వాటిని వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. నాట్యానికి మాత్రం వాడకండి. ఎవరో వేరే తాళానికి వేసిన అడుగు ఈ డాన్సరు బరువును మోయదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: గజ్జె కట్టండి, బూటు తొడగండి, పాట నోటికొచ్చేదాకా విని అప్పుడు మైకు ముందుకెళ్లండి. నిర్మాతలకూ ఒక విన్నపం. ఆ అడుగులు వేసినవాళ్ల పేరు టైటిల్స్‌లో చదవగలిగేంత సేపు ఉంచండి.