ఏడు గళ్ళ గండికోట

మొన్నటి సంక్రాంతి సెలవులలో మా మేనల్లుడిని వెంటబెట్టుకొని గండికోటకు వెళ్ళాను. వాడు తొమ్మిదవ తరగతి. పుట్టుకతోనే చూపు లేదు. జమ్మలమడుగులో బస్సెక్కినప్పుడు, "చూపు లేని పిల్లోడికి కోట చూపించేదేముంది?" అని వెనుక సీటులోని పెద్దాయన ఒకరు గొణిగారు. వాడు విని నవ్వుకొన్నాడు. ధాన్యాగారంలో అడుగు పెట్టగానే రెండు చప్పట్లు చరిచి, మ్రోతకు చెవి ఒగ్గి, "మామా, పైకప్పు కమాను మాదిరి ఉండాదే!" అన్నాడు. చిన్ననాటినుండి పదిసార్లు ఆ గదిలోకి వెళ్ళినవాడినే గాని, తలెత్తి ఆ కప్పును చూసిన గుర్తు నాకు లేదు.

ఇక్కడ నా పాత పాపమొకటి చెప్పుకోవాలి. 1998లో ప్రొద్దుటూరులో ఒక డి.టి.పి. కేంద్రంలో టైపు చేసేవాడిని. పెళ్ళి పత్రికలు, ప్రశ్నపత్రాలు, బడిపిల్లల గైడ్లు, ఎన్ని వేల పుటలో లెక్క లేదు. వాటి నడుమ గండికోట చరిత్ర మీద ఒక ఉపాధ్యాయుడు వ్రాసిన చిన్న పుస్తకం కూడా ఉన్నది. పెమ్మసాని నాయకుల సంగతి, 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి మీర్ జుమ్లాను కలుసుకొన్న సంగతి అందులో ఉన్నాయి. ఆ ఫైలును ఇన్నేళ్ళూ భద్రంగా దాచుకొన్నాను. పేజ్‌మేకరు నుండి పాఠ్యాన్ని బయటికి తీసి వాడి ఫోనులో వేసుకొని తీసుకువెళ్ళాను. పెన్న లోయ అంచున కూర్చొని, కోట కథను కోటలోనే వినిపిద్దామని నా సరదా.

వాడి ఫోనులో టాక్‌బాక్ ఉన్నది. తెరమీది అక్షరాలను తెలుగులోనే చదివి వినిపిస్తుంది. పుస్తకం తెరిచాడు. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, డాలరు గుర్తులు గడగడ కురిశాయి. మధ్యలో ఒక్క 1652 మాత్రం స్పష్టంగా పలికింది. మళ్ళీ అదే గోల.

"ఏంది మామా, ఇంగ్లీషులో తిడతాండాది?" అన్నాడు.

ఈ పుటలు చదివేవారికి ఇందులోని కిటుకు విప్పి చెప్పనక్కరలేదు. ఆ నాటి డి.టి.పి. ఖతులు తెలుగును దాచుకోలేదు, తెలుగు బొమ్మలను దాచుకొన్నాయి. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాలలో తలకట్టునొకచోట, గుడినొకచోట, వత్తునొకచోట కూర్చోబెట్టాయి. ఖతి ఉన్నంతసేపే అది తెలుగు. అంకెలను మాత్రం వాటి స్థానాలలోనే ఉంచాయి కనుక 1652 బ్రతికిపోయింది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. లేఖినిలో టైపు చేసుకొని కూడలిలో ఒకరి టపాలొకరు చదువుకొన్న రోజులలో యూనికోడు కోసం ఎంత వాదించామో మీకు గుర్తుండే ఉంటుంది. వెతికితే దొరకాలన్నాము, ఏ యంత్రంలోనైనా కనిపించాలన్నాము. చెవి ప్రస్తావన ఒక్కసారైనా తెచ్చామా? నేనైతే తేలేదు. అదే 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైఖేల్ కరన్, ఎన్‌విడిఎ అనే ఉచిత తెరచదువరిని మొదలుపెట్టాడు. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు మరమనిషి గొంతే అయినా తెలుగు పలుకుతుంది. అయితే పలకడానికి దానికి అందవలసింది అక్షరం, అక్షరపు బొమ్మ కాదు.

మావాడికి బ్రెయిలు కూడా వచ్చు. మండలంలోని భవిత కేంద్రంలో నేర్చుకొన్నాడు. ఆ సాయంత్రం నా అరచేతిలో వ్రేలితో చుక్కలు పెడుతూ 'గండికోట' వ్రాసి చూపించాడు. గ, సున్న, డ, ఇ, క, ఓ, ట. ఏడు గళ్ళు. భారతి బ్రెయిలులో గుడులూ కొమ్ములూ పైకీ క్రిందికీ ప్రాకవు. పలికిన వరుసలో ఒకదాని తరువాత ఒకటి నడుస్తాయి. ఇంటికి వచ్చి యూనికోడులో లెక్కపెడితే అక్కడా ఏడే, అదే వరుస! చుక్కలకూ సంకేతాలకూ ఉన్న ఈ చుట్టరికం ఇన్నేళ్ళుగా నాకు తట్టనేలేదు.

బ్రెయిలు ఉండగా ఫోనెందుకని కొందరంటారు. అక్షరక్రమం, లెక్కలు వేళ్ళతో రావలసిందే. వినికిడి దానికి బదులు కాదు. కాని ఒక్క పాఠ్యపుస్తకమే బ్రెయిలులో పెద్ద పెద్ద సంపుటాలవుతుంది. గైడును, మాస్టరుగారి నోట్సును, పక్కింటివాళ్ళ కథల పుస్తకాన్ని ఎవరు అచ్చు వేసిపెడతారు? ఇంకొక సంగతి వాడే చెప్పాడు. వాడి తరగతిలో ఒక స్నేహితుడికి కళ్ళు చక్కగా ఉన్నాయి గాని, అచ్చులో అక్షరాలు తడబడతాయి, పంక్తి తప్పిపోతాడు. మందబుద్ధి అని పేరుపడ్డాడు. వీడు పాఠం వింటుంటే వాడొచ్చి ఇయర్‌ఫోను ఒక కొస అడిగి పెట్టుకొంటాడట. ఒకే తీగతో ఇద్దరూ సాంఘికశాస్త్రం చదువుతారు. నేను టైపు చేసిన గైడ్లు అయితే ఆ తీగలో ఇద్దరికీ తిట్లే వినబడేవి!

ఆ పుస్తకాన్ని యూనికోడులోకి మార్చడానికి నాలుగు రాత్రులు పట్టింది. పుటలను ఫోటో తీసి ఓసీఆర్‌కు ఇస్తే పోదా అంటారేమో. అచ్చుప్రతి మాత్రమే మిగిలిన పుస్తకాలకు అదే దారి. మూలం చేతిలో ఉండగా నాకు మనసొప్పలేదు. మార్పిడి చేసి, కంటితో రెండుసార్లు దిద్ది, తప్పులేమీ లేవని వాడికి పంపాను. అరగంటలో ఫోను చేశాడు.

"మామా, పదకొండో పుటలో 'గ ఓ డికోట' అంటాండాది."

ఎంత చూసినా నాకు గండికోటే కనిపించింది. చివరికి ఆ మాట దగ్గర కర్సరు పెట్టి చూస్తే, సున్న చోట ఇంగ్లీషు 'ఓ' ఉన్నది. మార్పిడిలో తప్పిన చోట్ల తొందరలో నేనే కొట్టి ఉంటాను. కంటికి రెండూ సున్నలే. అటువంటివి పుస్తకమంతటా ముప్పైకి పైగా పట్టుకొన్నాడు. కోట 'కొట' అయిన చోట్లు వేరే. ఇరవై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన కళ్ళకు చిక్కనివి.

మిగిలింది నడిమి పుటలోని కోట పటం. "ఈడ మూగదైపోయింది" అన్నాడు. పటం బదులు నాలుగు వాక్యాలు వ్రాసి పంపాను: సుందరమైన ధాన్యాగారానికి ఎడమ ప్రక్కన జామియా మసీదు కలదు, అని.

"ఎవురి ఎడమ మామా? ఎట్ల తిరిగి నిలబడితే?"

జవాబు చెప్పలేకపోయాను. మళ్ళీ ఒకసారి వెళ్దామన్నాడు. ధాన్యాగారపు గడప నుండి మసీదు మెట్టు దాకా తాను అడుగులు లెక్కపెడతాడట, నేను కాగితం మీద వేసుకోవాలట. వచ్చే ఆదివారం ప్రయాణం. 'సుందరమైన' అన్న మాటను ఇప్పటికే తీసేశాను.