ఏ రేవున ఓడ యెక్కవలెను?

మధ్యధరా సముద్రమున విహారనౌక నెక్కుటకు ఏ రేవు మేలనెడి చర్చ మానేటి యొడ్డున, మరమగ్గముల చప్పుడు నడుమ జరిగినదనిన సోదరీమణులు కొందరు నవ్వుకొనవచ్చును. సిరిసిల్లకు గాని, జగిత్యాల కోరుట్లలకు గాని సముద్రము చుట్టుపట్ల లేదు. అయినను రేవునుగూర్చిన విచారము మా ప్రాంతపు స్త్రీలకు క్రొత్తది కాదు. నేతపనికి భీవండికి, షోలాపురమునకు పోయినవారిని సాగనంపినది మేమే. 1970ల తరువాత గల్ఫు దేశములకు పోవువారు బొంబాయి బస్సెక్కుచుండగా కన్నులు తుడుచుకొన్నదియు మేమే. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరవబడినది మొదలు ఆ బస్సుల ప్రయాణము చాలవరకు తగ్గినది గాని, సాగనంపుట తగ్గలేదు. పోయెడివాడు తరచుగా ఒక్కడే; ఇల్లు ఇక్కడనే యుండును.

ఈమారు ఇల్లంతయు పోవలెనని మేము నిశ్చయించుకొంటిమి. మేము మువ్వురు అక్కచెల్లెండ్రము. పెద్దక్కయ్యను జగిత్యాలకును, చిన్నక్కయ్యను కోరుట్లకును, కడపటిదానిని సిరిసిల్లకును ఇచ్చినారు. మా తమ్ముడు దుబాయిలో ఉద్యోగము చేయుచున్నాడు. వాని భార్యయు, ఆరేండ్ల కూతురును కోరుట్లలో మా అవ్వతో నున్నారు. అయిదేండ్లు చీటీ వేసి మేము కూడబెట్టిన సొమ్మునకు తమ్ముడు తన వంతు కలిపినాడు. మగవారు మగ్గములను, దుకాణమును విడిచి రాలేమనిరి. వారు లేకుండుటచేతనే మాటలు త్వరగా తెమలినవని మా చిన్నక్కయ్య యభిప్రాయము. అవ్వ, మేము మువ్వురము, మరదలు, పాప, ఇద్దరు మగపిల్లలు, వెరసి ఎనమండుగురము. దుబాయినుండి తమ్ముడు తొమ్మిదవవాడు. వానికి దొరకిన సెలవు పదునొకండు దినములే. అవ్వకు డెబ్బది దాటినది, మోకాళ్ల నొప్పి. ఈ రెండు సంగతులు మరువకుండ రేవు నెన్నుకొనవలసి వచ్చినది.

పూర్వమైనచో ఈ చర్చయే యుండదు. ఐరోపాకు పోవు మనదేశీయులు బొంబాయిలో ఓడ నెక్కి, సూయజు కాలువ మీదుగా మధ్యధరా సముద్రము చేరెడివారు. 1931లో గాంధిమహాత్ముడు రౌండు టేబులు సభకు పోవుచు ఆగస్టు 29వ తేదీన బొంబాయిలో రాజపుటానా యను నౌక నెక్కి, సెప్టెంబరు 11న ఫ్రాన్సులోని మార్సేయి రేవున దిగెను. పదుమూడు దినములు! నేడు హైదరాబాదునుండి దుబాయికి నాలుగు గంటలు. అచ్చటనుండి బార్సిలోనాకు ఇంచుమించు ఏడు గంటలు. సముద్రయానము త్రోవ కాక వేడుక యైనది. విమానమున పోయి, ఆ తీరముననే ఓడ నెక్కి, ఏడు రాత్రులు వలయముగా తిరిగి, ఎక్కిన రేవుననే దిగుట నేటి పద్ధతి. మరియొక సదుపాయము కూడ నున్నది. పశ్చిమభాగమున తిరుగు నౌకలలో కొన్ని బార్సిలోనా, మార్సేయి, జెనోవా, రోము మొదలగు అన్ని రేవులందును క్రొత్త ప్రయాణికులను ఎక్కించుకొనును. కావున చూచు ఊళ్లు అవియే. మొదలిడు చోటు మాత్రము మన యిష్టము.

ఆ యిష్టమును నిర్ణయించుకొనుటకు ముందు తెలిసికొనవలసిన దొకటి కలదు. ఓడల ప్రకటనలలో రోము అని యుండును గాని రోములో ఓడ యాగదు. సముద్రతీరమున చివితావెక్కియా యను ఊరిలో ఆగును. అది రోమునకు డెబ్బది కిలోమీటర్ల పైమాటే. ఏథెన్సు అనిన పిరేయస్ రేవు. ఫ్లారెన్సు అనిన లివోర్నో. వెనిసు సంగతి మరియు చిత్రము. 2021 ఆగస్టు 1 నుండి పెద్ద నౌకలు ఆ నగరపు నడుమనున్న జలమార్గమున పోరాదని ఇటలీ ప్రభుత్వము కట్టడి చేసినది. అందుచే వెనిసు పేరు చెప్పి అమ్ముడుపోవు టిక్కెట్టు మార్ఘేరాలో గాని, వంద కిలోమీటర్లకు మించిన దూరమున నున్న రవెన్నాలో గాని, త్రియెస్తెలో గాని తేలవచ్చును. నీటిలో మేడలను చూడవలెనని మా మరదలికి మిక్కిలి కోరిక. ఈ సంగతి విన్న పిమ్మట ఆమెయే వెనిసును కొట్టివేసినది.

మొదట నందరి మనస్సును లాగినది గ్రీసు దేశము. దుబాయినుండి ఏథెన్సు దగ్గర. విమానాశ్రయమునుండి పిరేయస్ వరకు 2022 అక్టోబరు మొదలు మెట్రో బండి తిన్నగా పోవుచున్నది. తెల్లని గోడలు, నీలి గుమ్మటములు గల సాంతోరిని ద్వీపపు బొమ్మను పిల్లలు గోడకు అంటించిరి. కాని ఆ ద్వీపమున పెద్ద ఓడ గట్టును తాకదు. నడిసముద్రమున నిలిచి, చిన్న పడవలలో జనమును ఒడ్డుకు చేర్చును. అచ్చటనుండి కొండమీది ఊరికి ఇంచుమించు ఆరువందల మెట్లు, లేదా గాడిద, లేదా తీగెపై పోవు పెట్టె, దానికొక పొడవైన వరుస. అవ్వను ఊగుచున్న పడవలోనికి దింపుట మా యూహకే అందలేదు. ఆమెను ఓడలోనే విడిచి మేము పోయి చూచివత్తుమా యనిన ఎవరికిని నోరు రాలేదు. దీనికి తోడు ఆ త్రోవలోని నౌకలు పలుమారు తుర్కీ దేశపు కుషాదాసిలో ఆగును. అది షెంగెను కూటమిలో లేని దేశము గనుక మరల ప్రవేశించుటకు పలుమారులు చెల్లు వీసా కావలెను. బొమ్మ గోడమీదనే యున్నది.

పిమ్మట రోము. పెద్దక్కయ్య దీనికొరకు గట్టిగా వాదించినది. చివితావెక్కియా రేవును సుమారు పందొమ్మిదివందల యేండ్ల క్రిందట ట్రాజను చక్రవర్తి కట్టించెను. అది మన శాతవాహనుల కాలము. మా పొరుగుననున్న పెద్దబంకూరు త్రవ్వకములలో రోము నాణెములు దొరకినవి గదా, ఆ నాణెములు వచ్చిన త్రోవను మనము పోయి చూడవద్దా యని ఆమె ప్రశ్న. ప్రశ్న బాగుగనే యున్నది. కాని రోము విమానాశ్రయమునుండి రేవునకు రైలులో పోవలెనన్న నడుమ బండి మారవలెను. ఎనిమిది పెట్టెలు, నిద్రమత్తులోనున్న ముగ్గురు పిల్లలు, మెట్లెక్కలేని అవ్వ. మోటారు కుదుర్చుకొనిన గంటకు పైగా ప్రయాణము, అందులకు తగిన వ్యయము. ఆ నాణెమును మోసికొనివచ్చిన వర్తకునకు ఇన్ని పెట్టెలుండెనో లేదో! వలయపు నౌక యెట్లును చివితావెక్కియాలో ఒక పగలు ఆగును గనుక, అక్కయ్య తన రోమును ఆ దినము చూడవచ్చునని తీర్మానించితిమి.

మార్సేయిని పిల్లలు కోరిరి. జగిత్యాల కోటను ఫ్రెంచి పనివాండ్ర సాయముతో కట్టినారని చెప్పుకొందురు గావున అది మన చుట్టాల దేశమేయని వారి న్యాయము. జెనోవాలో విమానాశ్రయము రేవునకు మిక్కిలి చేరువ. అయినను దానిని చేరుటకు మరియొక విమానము మారవలెను. మారు ప్రతిచోటను అవ్వకు చక్రముల కుర్చీ, పిల్లలకు దాహము, పెట్టెలు తప్పిపోవునను భయము. ఒక్క మార్పునకు మించి వలదని పట్టుపట్టితిమి. ఇంటిగడప మొదలు ఓడమెట్టు వరకు లెక్కవేయనిదే టిక్కెట్టు చౌకయో కాదో చెప్పజాలము. కోరుట్లనుండి శంషాబాదునకే రెండువందల కిలోమీటర్ల పైబడిన మోటారు ప్రయాణము ముందున్నది.

మిగిలినది బార్సిలోనా. విమానాశ్రయమునకును ఓడరేవునకును నడుమ సుమారు పదునైదు కిలోమీటర్లు మాత్రమే. దుబాయినుండి తిన్నగా విమానమున్నది. రేవు ఊరిని ఆనుకొని యున్నది. అచ్చట 1888లో నిలిపిన కొలంబసు స్తంభము నేటికిని కలదు. ఇండియాను వెదకుచు పోయి అమెరికాను తాకిన ఆ మహానుభావుడు 1493లో తిరిగివచ్చి స్పెయిను రాజదంపతులను దర్శించినది ఈ నగరముననే. అతడు చేరలేకపోయిన దేశమునుండి తొమ్మండుగురము ఆయన స్తంభము చూడ పోవుచున్నాము.

వీసా విషయమున కూడ రేవు లెక్కకు వచ్చును. దీనిని సోదరీమణులు శ్రద్ధగా గమనింపవలెను. షెంగెను దేశములలో ఎక్కువ దినములు ఎచ్చట గడుపుదుమో ఆ దేశమువారికే దరఖాస్తు చేయవలెను. దినములు సమానమైనచో మొదట అడుగిడు దేశమువారికి. స్పెయినులో ఓడ నెక్కినను, నౌక ఇటలీ రేవులలో ఎక్కువ దినములు ఆగినచో దరఖాస్తు ఇటలీవారికి పోవలెను. మేము ఓడకు ముందు రెండు రాత్రులు, దిగిన పిమ్మట ఒక రాత్రి బార్సిలోనాలో ఉండునట్లు ఏర్పరచుకొనుటచే స్పెయిను దినములే హెచ్చినవి. తమ్ముడు దుబాయి నివాసి గావున అచ్చటనే దరఖాస్తు పెట్టవలెను, మేము హైదరాబాదులో. రెండు చోట్లను ఒకే ప్రయాణపట్టిక చూపినాము. 2024 జూన్ నుండి రుసుము పెద్దలకు 90 యూరోలు, ఆరు మొదలు పండ్రెండేండ్ల లోపు పిల్లలకు 45. పండ్రెండేండ్లు నిండనివారికి వ్రేలిముద్రలు అక్కరలేదు. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా తప్పదు. పాసుపోర్టు తిరుగుప్రయాణపు తేదీకి పిమ్మట మూడు నెలలైనను చెల్లవలెను. ఇంటిపేరు పుట్టింటిదొకచోట, అత్తింటిదొకచోట నున్న సోదరీమణులు టిక్కెట్టు కొనక మునుపే దానిని సరిచేయించుకొనుట క్షేమము. మా చిన్నక్కయ్యకు దీనికే రెండు నెలలు పట్టినది.

ఇంత లెక్క తేలిన తరువాతను పెద్దక్కయ్య రోము పక్షమును పూర్తిగ విడువలేదు. అప్పుడు అంతవరకు మాటాడని అవ్వను అడిగితిమి. ఆమెకు ఏ రేవైనను ఒక్కటే. ఆమె తెలిసికొనగోరినది వేరు: తమ్ముడు ఎచ్చట కలియును? బార్సిలోనా త్రోవలో మేము దుబాయిలో విమానము మారుదుము. వాడు తన యింటినుండి వచ్చి అదే విమానమెక్కును. పాప తండ్రి ప్రక్కన కూర్చుండును అని చెప్పితిమి. అవ్వ కొంతసే పూరకుండి, "గప్పుడు బొంబాయి బస్సుకాడనే ఆగిపోయిన బిడ్డా. గిప్పుడు వానితోని నేను గూడ ఎక్కుత. గంతే సాలు," అన్నది. పెద్దక్కయ్య రోము పటమును మడిచి పెట్టినది.

ప్రయాణము రాబోవు మే నెలలో, పిల్లల బడి సెలవులలో. ఓడ సాయంకాలమున కదలునని చెప్పినను, ఎక్కించుకొనుట అంతకు చాల ముందే ముగింతురు, ఆలసించినవారికొరకు నిలువదు. విమానమాలసించినను చిక్కు లేకుండుటకే ముందుగా చేరుచున్నాము. పాలతోను మాంసముతోను చేసిన పదార్థములను ఐరోపాలోనికి రానీయరు గావున కోవా మాని, సకినాలు మాత్రము కట్టుచున్నాము. ఇంట చేసిన తినుబండారములను ఓడవారు సాధారణముగా లోపలికి రానీయరు. కావున డబ్బా బార్సిలోనాలోని రెండు రాత్రులలోనే ఖాళీ కావలెను. తొమ్మండుగురికి ఎన్ని సరిపోవునో అవ్వ ఇప్పటినుండియే లెక్కించుచున్నది. అందు సగము తమ్మునివే.