నాలుగు పేజీలు మిగిలుండగా...

మణికట్టు నొప్పి. రెండు వారాలుగా టైపు చేస్తే చాలు, వేళ్ల చివరిదాకా లాగేస్తోంది. 'ఈసారికి ఐటమ్ ఇవ్వలేనండీ' అని మా ఇన్‌ఛార్జికి చెప్పేసి ఇంటికొచ్చా. ఆ రాత్రి నిద్ర పట్టక ఓ పాత ఇంటర్వ్యూ పెట్టుకున్నా. 1994 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని ఛానెల్ 4 ప్రసారం చేసింది. అడిగేది మెల్విన్ బ్రాగ్. చెప్పేది డెనిస్ పాటర్... టీవీ నాటకాలూ సినిమాలూ రాసిన మనిషి. పాంక్రియాస్ క్యాన్సర్. ఎన్నాళ్లో బతకనని ఆయనకు తెలుసు. అయినా సిగరెట్ కాలుస్తూ, నొప్పి ముదిరితే మార్ఫిన్ గుటకేస్తూ నవ్వుతూనే మాట్లాడాడు. కణితికి ఓ పేరు కూడా పెట్టాడు. ఏమనుకున్నారు? రూపర్ట్! మీడియా అధిపతి రూపర్ట్ మర్డోక్ మీద అంత 'ప్రేమ' మరి.

పాటర్ బొగ్గుగని కార్మికుడి కొడుకు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి డైలీ హెరాల్డ్‌లో టీవీ సమీక్షలు రాశాడు. అంటే మా బాపతే! పాతికేళ్లు దాటాయో లేదో సోరియాసిస్, దాంతోపాటే కీళ్లజబ్బు. చర్మం పొలుసులై రాలేది. వేళ్లు ముడుచుకుపోయి చెయ్యి పిడికిలిలా అయిపోయింది. అయినా రాయడం ఆపలేదు. 1986లో బీబీసీలో వచ్చిన 'ది సింగింగ్ డిటెక్టివ్'లో హీరో అదే జబ్బుతో ఆసుపత్రి మంచానికి అతుక్కుపోయిన రచయితే. అందులో పాత రికార్డు పాటలకు పాత్రలు పెదవులు కదుపుతాయి. మన సినిమాలు చూసేవాళ్లకు అదేం వింత కాదు. కానీ వార్డులో డాక్టర్లూ నర్సులూ ఉన్నట్టుండి పాటందుకుంటే... నవ్వాలో భయపడాలో తెలీదు.

ఇంటర్వ్యూలో తన కిటికీ బయటి చెట్టుకు పట్టిన తెల్లటి పూత గురించి ఎంత మురిపెంగా చెప్పాడో! చావంటే బెంగ లేదు. రాస్తున్నది ఇంకో నాలుగు పేజీలు మిగిలుండగా పోతానేమోనన్నదే బెంగ. అవి రెండు నాటకాలు: 'కరావోకే', 'కోల్డ్ లాజరస్'. పోటీ ఛానెళ్లయిన బీబీసీ, ఛానెల్ 4 కలిసి వాటిని వెయ్యాలని అడిగాడు.

పూర్తిచేశాడు. భార్య మార్గరెట్‌దీ క్యాన్సరే. ఆ ఏడాది మే 29న ఆమె పోయింది. తొమ్మిది రోజులకి, జూన్ 7న, ఆయన. వయసు 59. రెండు ఛానెళ్లూ 1996లో ఆయన మాట చెల్లించాయి. నిజం చెప్పొద్దూ, 'సింగింగ్ డిటెక్టివ్' ముందు ఆ రెండూ నాకు కాస్త తేలిపోయాయి.

మర్నాడు పొద్దున్నే ఇన్‌ఛార్జికి ఫోన్ చేశా, 'ఇస్తానండీ' అని. ఇదంతా ఎడమచేత్తో టైపు చేసిందే. అక్షరదోషాలుంటే డెస్కువాళ్లు ఈ ఒక్కసారికీ విసుక్కోకుండా దిద్దాలి.