మైల్ ఎండ్‌లో రెండు భాషల కాఫీ

మాంట్రియల్‌లో మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగితే చాలామంది మైల్ ఎండ్ పేటకే దారి చూపిస్తారు. ఇటాలియన్లు, పోర్చుగీసువాళ్లు, గ్రీకులు, యూదులు వచ్చి స్థిరపడిన పేట అది. 1970లో తెరిచిన కఫే ఒలింపికో సెయింట్ వియాటర్ వీధిలో ఇప్పటికీ కిటకిటలాడుతూనే ఉంది. నేను వెళ్లింది అంత పేరున్న చోటికి కాదు. పక్క వీధిలో, పట్టుమని పదిమంది కూర్చోలేని కొట్టు. కాఫీ చేసేదీ యజమానే, కప్పులు కడిగేదీ యజమానే. సాయంగా ఒకమ్మాయి.

గుమ్మం పైన బోర్డు ఫ్రెంచిలో ఉంది. లోపల ధరలపట్టీలో ముందు ఫ్రెంచి, పక్కన ఇంగ్లీషు. ఇది యజమాని ఇష్టం ఒక్కటే కాదు, చట్టం కూడా. 1977లో ఈ నగరమున్న క్యుబెక్ రాష్ట్రం తెచ్చిన భాషా చట్టం దుకాణాల బోర్డులు ఫ్రెంచిలో మాత్రమే ఉండాలంది. అది చెల్లదని 1988లో కెనడా సుప్రీంకోర్టు తేల్చింది. చివరికి 1993లో క్యుబెక్ ఆ నియమాన్ని సడలించింది: వేరే భాష ఉండొచ్చు గానీ, బోర్డు మీద ఫ్రెంచే కొట్టొచ్చినట్టు కనబడాలి. 2022లో మళ్లీ బిగించారు. చుట్టూ ఖండమంతా ఇంగ్లీషు నడుస్తుంటే తమ భాష నిలబెట్టుకోవడానికి ఆమాత్రం పట్టుదల న్యాయమేననిపించింది నాకు.

కౌంటరు పక్కనే నిలబడి చూశాను. యజమాని చిన్న తక్కెడ మీద పద్దెనిమిది గ్రాముల పొడి తూచి, గిన్నెలో అదిమి, యంత్రానికి బిగిస్తాడు. మొదట నల్లగా, తర్వాత తేనెరంగులో సన్నటి ధార. అరనిమిషం లోపే ఆపేస్తాడు, ఆలస్యమైతే చేదెక్కుతుంది. చేతులు ఆ పనిలో ఉండగానే వచ్చిన ప్రతివారికీ ‘బోంజూర్’. జవాబు ఏ భాషలో వస్తే మిగతా మాటంతా ఆ భాషలోనే. ఒక జంట ఫ్రెంచిలో మొదలెట్టి ఇంగ్లీషులో డబ్బులిచ్చి వెళ్లింది. ఎవరికీ అది వింతగా లేదు. ఆ నగరంలో సగం మందికి పైగా రెండూ వచ్చు.

అమ్మాయి నా మాట యాస పట్టేసింది. “మీరు తెలుగువాళ్లేనాండీ?” అంది. వాళ్లది పాడేరు దగ్గర పల్లె. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగ, ఆ నీడన కాఫీ మొక్కలు. పండ్లు కోయడం చిన్నప్పుడే వచ్చట, ఎస్ప్రెస్సో చేయడం మాత్రం ఇక్కడే నేర్చుకుందట. చదువుకుంటూ సాయంత్రాలు పని, ప్రభుత్వం ఉచితంగా చెప్పే ఫ్రెంచి తరగతులు.

“ఇంగ్లీషుతో గడవదా అమ్మా?” అన్నాను.

“గడుస్తుందండీ. కానీ ఆ మూల కూర్చున్న పెద్దాయన రోజూ వస్తారు. ఆయన భాషలో పలకరిస్తే రెండు మాటలు ఎక్కువ మాట్లాడతారు. రేపూ ఇక్కడికే వస్తారు.”

పెద్ద కంపెనీల కొట్లతో ధరలో పోటీపడలేని చిన్న కొట్టుకు ఆ ‘రేపూ’నే ఆధారం.

హైదరాబాదులో, విశాఖలో కాఫీ కొట్లు పెడుతున్నవాళ్లకు ఒక మనవి. అరకు గింజలు వాడుతున్నారు, ఎంతో సంతోషం. ధరలపట్టీ మీద ఆ సంగతి తెలుగులో కూడా రాయండి. వచ్చినవాళ్లను ముందు తెలుగులో పలకరించండి. వాళ్లు హిందీలోనో ఉర్దూలోనో ఇంగ్లీషులోనో బదులిస్తే ఆ భాషలోనే కాఫీ ఇవ్వండి.