బేరిపళ్ల దొంగతనం

"అన్నా, బైబిల్ ఉండగా మళ్లీ ఈ పుస్తకాలెందుకు?"

ఆరాధన అయ్యాక కాకినాడ జగన్నాథపురం వంతెన దగ్గర టీ తాగుతుంటే మా యూత్ కుర్రాడు అడిగాడు. నా చేతిలో అగస్టీన్ 'కన్ఫెషన్స్' ఉంది.

అప్పటికేదో చెప్పాను గానీ, ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

అగస్టీన్ పదహారేళ్లప్పుడు స్నేహితులతో కలిసి ఎవరిదో చెట్టు బేరిపళ్లు దులిపేశాడు. ఆకలేసి కాదు. చాలావరకు పందులకే పారేశారట.
నలభై దాటి, బిషప్పయ్యాక, క్రీ.శ. 400 ప్రాంతంలో, అసలెందుకు చేశానూ అని దేవుడి ముందే తవ్వుకుంటూ రాశాడు.
పక్కింటి మామిడికాయలు కొట్టనివాళ్లెవరండీ మనలో? దాని గురించి ఎప్పుడైనా అంతసేపు ఆలోచించామా?
అవసరం లేకపోయినా, తప్పు కాబట్టే చేయాలనిపించే మనసు... నేనింకా అక్కడే ఆగిపోయాను.

జర్మన్ పాస్టర్ బోన్‌హోఫర్ ఇంకో రకం. 1937లో చౌకబారు కృప (మారుమనసు అడగని కృప) గురించి రాశాడు, 1945లో నాజీలు ఉరి తీశారు.
ఆయన్ని చదివాక పాటలో 'కృప' అని గొంతెత్తాలంటే కాస్త భయమేస్తోంది, నిజం!

అయినా బైబిల్‌తో పాటు ఇలా చదువుకోవడం మన దగ్గరేం కొత్త కాదు. 1874లో కాకినాడ వచ్చిన కెనడా బాప్టిస్టు మిషనరీ మెక్లారిన్ (కాకినాడ మెక్లారిన్ హైస్కూలు పేరు ఆయనదే) 1882లో సామర్లకోటలో సెమినరీ మొదలెట్టారు. ఊరికే బైబిల్ చదువుకుంటే సరిపోయేదైతే అంత కష్టం దేనికి?

నాకు దొరికినవి ఇంగ్లీషులోవే. సాఫీగా చదివించే తెలుగు అనువాదాలు మీకు తెలిస్తే కింద పెట్టండి.
కొత్తగా మొదలెట్టేవాళ్లకి ముందు ఏది ఇవ్వమంటారు?