మట్ట కొయ్యొద్దు

జూన్ 9, రాజమండ్రి

కడియపులంక నుంచి ఆటోలో ఫీనిక్స్ పామ్ దిగింది. ఒకే చెట్టులా గుబురుగా ఉంది గానీ, వంగి చూస్తే ఒక కుండీలో మూడు మొక్కలు కలిపి నాటారు. మన ఈతకీ, ఖర్జూరానికీ చుట్టమే. లావోస్, వియత్నాం, దక్షిణ చైనాల్లో మెకాంగ్ లాంటి ఏళ్ళ ఒడ్డున పెరిగే జాతి. 1889లో దీనికి ఆర్కిడ్లు సేకరించే కార్ల్ రోబెలిన్ పేరు పెట్టారు. ఏటి ఒడ్డు మొక్క కదా, గోదావరి వాళ్ళింట్లో ఇమిడిపోకుండా ఎలా ఉంటుంది!

జూన్ 11

గుమ్మం పక్కన పెడదామని మా ఆయన సరదా. ఒప్పుకోలేదు. మట్ట మొదట్లో ఆకులే ముళ్ళుగా మారి ఉన్నాయి, పొడవాటివి, పాకే మనవడి కంటి ఎత్తుకి సరిగ్గా. మేడ మీద తూర్పు వైపు పెట్టించాను. అలిగారు.

ఆగస్టు 20

మొవ్వులోంచి కొత్త మట్ట విచ్చుకుంటోంది. ఆకుల మీద తెల్లటి నూగు. పిన్ని చూసి, "పిండినల్లే అది, వేపనూనె కొట్టవే" అంది. గోటితో గీకితే పొడిగా రాలింది. జిగురు లేదు, చీమలూ లేవు. ఆకుతోపాటు పుట్టిన పొర అది. పిన్నికి ఏ మొక్క చూసినా వేపనూనే గుర్తొస్తుంది.

నవంబర్ 28

అడుగు మట్టలు పసుపు తిరిగాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నారింజ రంగు చుక్కలు, చివర్లు మాడినట్టు. మాలి కత్తెరతో వచ్చేశాడు. "తీసేస్తే నీటుగా ఉంటదండి అమ్మగారూ."

వద్దన్నాను. ఇది పొటాష్ చాలని లక్షణం. మట్టిలో దొరక్కపోతే చెట్టు ముసలి మట్టల్లోంచే పొటాష్ లాగి మొవ్వుకి పంపుకుంటుంది. పసుపు మట్ట కోసేస్తే ఆ నిల్వ పోతుంది, అప్పుడు చెట్టు పై వరస మట్టల మీద పడుతుంది. అవీ పసుపు తిరుగుతాయి, అవీ కోస్తారు. పక్కవీధి అపార్ట్‌మెంట్ ముందు చెట్లన్నిటికీ నడినెత్తిన పిలక మాత్రం మిగిలింది అందుకే. ఈ పామ్‌కి కొమ్మలుండవు, ఉన్నదల్లా ఆ ఒక్క మొవ్వు. అది పోతే ఆ మొక్క పోయినట్టే.

తెల్ల పొటాష్ కొద్దిగా, దాంతోపాటు ఎప్సమ్ సాల్ట్ వేశాను. పొటాష్ ఒక్కటే వేస్తే మెగ్నీషియం కొరత మొదలవ్వచ్చు.

మార్చి 2

పాత మచ్చలు పోలేదు, పోవు కూడా. కొత్త మట్టలు మాత్రం శుభ్రంగా, ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. పూర్తిగా ఎండిపోయిన అడుగు మట్టలు నేనే కోశాను. కాండం మీద వాటి మొదళ్ళు మేకుల్లా మిగిలాయి. మాలి వచ్చి ఎరువు ఏ కొట్లో కొన్నారని అడిగాడు, అపార్ట్‌మెంట్ వాళ్ళకి చెప్తాడట.